ఆ సీసాలోని పాలు ఎవరివి?

గత నెల మాకు అందిన ఉత్తరాలలో ఒకదానిని మేము మూడు రోజులపాటు పక్కన పెట్టుకొని మళ్ళీ మళ్ళీ చదివాము. రాసిన సోదరి శ్రీసిటీలోని ఒక ఎలక్ట్రానిక్ పరికరాల కర్మాగారంలో పని చేసేది. భర్త అక్కడే మరొక కర్మాగారంలో గోదాము పని చేస్తాడు. తడ సమీపంలో ఒక గది అద్దెకు తీసుకొని ఉంటున్నారు. ఏడో నెల నిండుతూ ఉండగానే ఆమెకు నొప్పులు మొదలయ్యాయి. దగ్గరి పట్టణంలో ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. ఆడపిల్ల. బరువు కిలో నూట యాభై గ్రాములు. ఊపిరి అందడం లేదని ఆ రాత్రే బిడ్డను దూరాన ఉన్న నగరంలోని మరొక ఆసుపత్రికి అంబులెన్సులో తరలించారు. తండ్రి బిడ్డ వెంట వెళ్ళాడు. తల్లి ఇక్కడే మంచం మీద ఉండిపోయింది.

రెండో రోజు తెల్లవారుజామున ఒక నర్సు తండ్రి చేతికి కాగితం ఇచ్చింది. బిడ్డకు తల్లిపాలే పట్టాలి, తల్లి దగ్గర లేదు, పాల బ్యాంకు నుంచి తెప్పిస్తాము, సంతకం చేయమని అడిగింది. అతడు చేశాడు. పదకొండు రోజులు ఆ పాలే గొట్టం ద్వారా బిడ్డ కడుపులోకి వెళ్ళాయి. వార్త తెలిసి ఊరి నుంచి వచ్చిన దాదీ ఒకే ప్రశ్న అడిగింది: "ఎవరి పాలు?" నలుగురైదుగురు తల్లుల పాలు కలిపి శుద్ధి చేసినవి, పేర్లు చెప్పడం కుదరదు అన్నారు ఆసుపత్రివారు. బిడ్డ బతికింది, అల్హందులిల్లాహ్. ఇప్పుడు ఎనిమిది నెలల పిల్ల, గదంతా పాకుతోందట. దాదీ మాత్రం మనవరాలిని ఎత్తుకున్నప్పుడల్లా అదే మాట అంటున్నదట: "రేపు దీనికి సంబంధం చూసేటప్పుడు, వచ్చినవాడు దీని పాల అన్న కాడని ఎవరిని అడిగి తెలుసుకుంటాం?"

ఉత్తరం చివర ఆ సోదరి ఇంకొక మాట రాసింది. మూడో రోజుకు తనకు పాలు పడ్డాయనీ, రొమ్ములు రాళ్ళలా బిగుసుకొని జ్వరం వచ్చిందనీ, ఆ పాలు కావాలని ఎవరూ అడగలేదు గనుక తువాలులోకి పిండి పారేశాననీ.

దాదీ ప్రశ్నకు సమాధానం వెతుకుతూ కూర్చున్న మేము ఈ వాక్యం దగ్గర ఆగిపోయాము. ఒక తల్లి పాలు తువాలులో ఇంకిపోయాయి. అదే సమయంలో ఆమె బిడ్డకు పేరు తెలియని తల్లుల పాలు పట్టారు. మొదటిది వైద్య నిర్వహణకు సంబంధించిన విషయం, రెండోది ధర్మానికి సంబంధించిన విషయం అని విడదీసి మాట్లాడడం మనకు అలవాటు. కాని ఈ ఇంట్లో రెండో చిక్కు మొదటి దాని కడుపున పుట్టింది.

పాల సంబంధాన్ని ఇస్లాం ఎంత గంభీరంగా తీసుకున్నదో మన ఇళ్ళలో పెద్దవారికి తెలుసు. దివ్య ఖుర్ఆన్‌లోని నిసా సూరా 23వ ఆయతు, వివాహం నిషిద్ధమైన స్త్రీల వరుసలో కన్నతల్లి, కూతురు, తోబుట్టువులతోపాటు పాలిచ్చిన తల్లినీ, పాల అక్కచెల్లెళ్ళనూ చేర్చింది. రక్తం వల్ల ఏ సంబంధాలు నిషిద్ధమవుతాయో పాల వల్ల కూడా అవే నిషిద్ధమవుతాయని దైవప్రవక్త (సల్లం) బోధించిన విషయం బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. హజ్రత్ హమ్జా (రజి) కుమార్తెను వివాహమాడమని ఎవరో సూచించినప్పుడు ప్రవక్త (సల్లం) నిరాకరించారు. వరుసకు హమ్జా (రజి) పినతండ్రి. కాని సువైబా ఇద్దరికీ పాలిచ్చింది గనుక ఆయన పాల సోదరుడు కూడా. ఆ అమ్మాయి పాల సోదరుని కుమార్తె అయింది.

ఇంకొక సంఘటన మన దాదీ భయానికి మరింత దగ్గరగా ఉంది. మక్కాలో ఉఖ్బా బిన్ హారిస్ (రజి) వివాహం చేసుకున్నారు. ఆ తరువాత ఒక స్త్రీ వచ్చి, మీ ఇద్దరికీ నేనే పాలిచ్చాను అని చెప్పింది. ఆ సంగతి ఆయనకు తెలియదు, అంతకు ముందు ఎవరూ చెప్పనూ లేదు. వాహనం ఎక్కి మదీనా దాకా ప్రయాణం చేసి ప్రవక్త (సల్లం)ను అడిగారు. ఇలాంటి మాట వచ్చిన తరువాత ఇక కలిసి ఎలా ఉంటారన్న అభిప్రాయం వెలువడింది. ఆయన భార్యను విడిచిపెట్టారు, ఆమె మరొకరిని వివాహం చేసుకుంది. ఎవరి తప్పూ లేదు. ఎప్పుడో ఎవరో పాలు పట్టిన సంగతి ఎవరూ గుర్తు పెట్టుకోకపోవడం వల్ల ఒక సంసారం విడిపోయింది.

ధర్మవేత్తల మధ్య వివరాలలో భేదాలు ఉన్నాయి. షాఫయీ, హంబలీ పండితుల దృష్టిలో ఐదుసార్లు కడుపు నిండా తాగితేనే సంబంధం ఏర్పడుతుంది. మన ప్రాంతంలో అత్యధికులు అనుసరించే హనఫీ మార్గంలో, అలాగే మాలికీ మార్గంలో, పాలు కొద్దిగా తాగినా చాలు. నోటిలో పోసినా ముక్కు ద్వారా పోసినా కడుపులోకి చేరితే చాలునన్నది హనఫీ గ్రంథాల మాట. కాబట్టి, రొమ్ము నోట పెట్టలేదు, గొట్టంతో పోశారు అన్న కారణంగా తేలికగా కొట్టివేసే వీలు హనఫీలకు లేదు. ఇద్దరు స్త్రీల పాలు కలిసినప్పుడు ఏమిటన్న ప్రశ్న కూడా పాతదే. ఎవరి పాలు ఎక్కువో ఆమెతోనే సంబంధమని ఇమామ్ అబూ హనీఫా, ఇమామ్ అబూ యూసుఫ్ అభిప్రాయపడితే, ఇద్దరితోనూ ఏర్పడుతుందని ఇమామ్ ముహమ్మద్ అన్నారు. వెయ్యి సంవత్సరాల క్రిందట ఆలోచించిన ఈ సమస్య నేడు ఫ్రీజరులోని సీసా రూపంలో మన ముందుకు వచ్చింది.

ఇరవయ్యో శతాబ్దపు చివరి భాగంలో ఈ చర్చ మళ్ళీ మొదలయింది. 1983లో కువైట్‌లో జరిగిన వైద్య ధర్మశాస్త్ర సదస్సులో షేఖ్ యూసుఫ్ అల్ ఖరదావీ పాల బ్యాంకులను అనుమతించదగినవిగా అభిప్రాయపడ్డారు. రొమ్ము పట్టి తాగడమే అసలైన స్తన్యపానమనీ, ఇచ్చినదెవరో తెలియని సందేహం మీద నిషేధం నిలవదనీ ఆయన వాదన. 1985 డిసెంబరులో జిద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్హ్ అకాడమీ ఇందుకు పూర్తిగా విరుద్ధమైన తీర్మానం చేసింది: ముస్లిం దేశాలలో ఇటువంటి బ్యాంకులు నెలకొల్పరాదు, వాటి పాలు పట్టరాదు. 2019 చివరలో ఢాకాలో ప్రారంభానికి సిద్ధమైన బ్యాంకు లీగల్ నోటీసుతో ఆగిపోయింది. 2024 జూన్‌లో కరాచీలో మొదలైన బ్యాంకుకు అక్కడి ప్రసిద్ధ దారుల్ ఉలూమ్ మొదట షరతులతో అనుమతి ఇచ్చి, తరువాత పునఃపరిశీలించడంతో అదీ నిలిచిపోయింది. మరొక వైపు ఇరాన్‌లో 2016లో తబ్రీజ్‌లో బ్యాంకు ప్రారంభమైంది. సింగపూర్‌లో 2017లో ప్రభుత్వ ఆసుపత్రిలో బ్యాంకు మొదలైనప్పుడు అక్కడి ఇస్లామిక్ మండలి ఫత్వా కమిటీ, నెలలు నిండని ముస్లిం శిశువులకు ఆ పాలు పట్టడాన్ని అనుమతించింది.

ఇన్ని అభిప్రాయాల నడుమ తీర్పు చెప్పడం ఈ పేజీ పని కాదు. కాని ఈ మొత్తం చర్చలో మాకు అన్నిటికన్నా ఉపయోగకరంగా కనిపించినది ఇటీవలి ఫత్వా ఏదీ కాదు. పదిహేనో శతాబ్దపు హనఫీ పండితుడు ఇబ్నుల్ హుమామ్ తన 'ఫత్‌హుల్ ఖదీర్'లో స్త్రీలకు ఒక సలహా ఇచ్చారు: అవసరం లేకుండా ప్రతి బిడ్డకూ పాలివ్వవద్దు; ఇస్తే ఆ సంగతి గుర్తు పెట్టుకోవాలి, నలుగురికీ తెలియజేయాలి, జాగ్రత్త కోసం రాసి పెట్టాలి. తరువాతి కాలంలో డమాస్కస్‌కు చెందిన ఇబ్ను ఆబిదీన్ కూడా ఈ మాటను తన గ్రంథంలో ఎత్తి చూపారు. కాగితం ఖరీదైన వస్తువుగా ఉన్న కాలంలో ఆయన రాసి పెట్టమన్నారు. ప్రతి మందు బిళ్ళకూ బ్యాచ్ నంబరు వేసే కాలంలో మనకు మాత్రం "పేర్లు చెప్పడం కుదరదు" అన్న సమాధానం వస్తున్నది.

పాల బ్యాంకు అసలు ఎలా పని చేస్తుందో మన పాఠకులలో చాలామందికి తెలియకపోవచ్చు. మన దేశంలో మొదటిది 1989లో ముంబయిలోని సయన్ ఆసుపత్రిలో డాక్టర్ ఆర్మిడా ఫెర్నాండెజ్ చొరవతో ఏర్పడింది. తెలుగు నేల మీద హైదరాబాదులోని నీలోఫర్ ఆసుపత్రిలో 2017లో 'ధాత్రి' పేరిట పాల బ్యాంకు మొదలైంది. అదే సంవత్సరం కేంద్ర ఆరోగ్య శాఖ ప్రభుత్వ ఆసుపత్రులలో ఇటువంటి కేంద్రాలు ఎలా నడవాలో మార్గదర్శకాలు విడుదల చేసింది. తన బిడ్డ తాగగా మిగిలిన పాలను ఇవ్వదలచిన తల్లికి హెచ్.ఐ.వి., హెపటైటిస్ బి, సిఫిలిస్ పరీక్షలు చేస్తారు. పిండిన పాలను చల్లబరచి దాస్తారు. తరువాత 62.5 డిగ్రీల వేడిలో 30 నిమిషాలు ఉంచి, వెంటనే చల్లార్చి, సూక్ష్మజీవులు మిగిలాయేమో పరీక్షించి, మైనస్ 20 డిగ్రీల వద్ద నిల్వ చేస్తారు. సాధారణంగా వేడి చేయడానికి ముందు పలువురు తల్లుల పాలను ఒకే పాత్రలో కలుపుతారు. ఒక తల్లి పాలలో కొవ్వు, మాంసకృత్తులు తక్కువగా ఉన్నా ఇంకొకరి పాలతో సరిపోతాయి. పది సీసాలకు పది పరీక్షల బదులు ఒక పరీక్షతో పని అయిపోతుంది. ఇది వారి సౌకర్యం. దాదీ ప్రశ్నకు సమాధానం లేకుండా పోయేది కూడా సరిగ్గా ఈ పాత్రలోనే.

ఈ పాల అవసరాన్ని ఎవరూ తక్కువ చేయకూడదు. కిలో, కిలోన్నర బరువుతో పుట్టిన శిశువు పేగులు అరటి నారంత సున్నితంగా ఉంటాయి. డబ్బా పాలు పట్టినప్పుడు ఆ పేగులు చచ్చుబడి చీము పట్టే ప్రాణాంతక వ్యాధి వచ్చే అవకాశం, దాత పాలు పట్టినప్పటికంటే ఎక్కువ అని పరిశోధనలు స్థిరపరిచాయి. అందుకే తల్లిపాలు దొరకని తక్కువ బరువు శిశువులకు దాత పాలను ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసింది. ఆ రాత్రి ఆ తండ్రి పెట్టిన సంతకం బిడ్డ ప్రాణం కోసం పెట్టినది. దాని గురించి అతడిని ఎవరైనా నిందిస్తున్నారంటే, ఆ నోళ్ళు మూయించవలసిన బాధ్యత ముందుగా ఇంటి పెద్దలదే.

ఇక, ముస్లిం కుటుంబాల కోసం ఒక్కొక్క దాత పాలను విడిగా శుద్ధి చేయడం సాధ్యం కాదన్న మాటను కొంచెం లెక్క వేసి చూద్దాము. కిలో బరువు శిశువుకు మొదటి రోజులలో పట్టేది రోజుకు 10, 20 మిల్లీలీటర్లు. క్రమంగా పెంచుతూ పోయి పూర్తి ఆహారానికి వచ్చేసరికి రోజుకు సుమారు 150 నుంచి 180 మిల్లీలీటర్లు. ఈ బిడ్డకు పదకొండు రోజులలో పట్టిన పాలు అన్నీ కలిపినా ఒకటి, ఒకటిన్నర లీటరు మించవు. పాలు బాగా కుదురుకున్న ఆరోగ్యవంతురాలైన తల్లికి రోజుకు ముప్పావు లీటరు దాకా వస్తాయి. బిడ్డకు పోగా ఆమె ఇవ్వగలిగిన పాలు కొన్ని రోజుల పాటు దాచితే ఇటువంటి ఒక శిశువుకు సరిపోతాయి. అంటే ఒక బిడ్డ, ఒక దాత. మహా అయితే ఇద్దరు. ఐదుగురి పాలు కలిపి పట్టవలసిన అవసరం శిశువు కడుపుకు లేదు, అది పాత్రకు ఉన్న అవసరం. పరీక్షల ఖర్చు పెరుగుతుంది, నిజమే. ఒకరి పాలలో పోషకాలు తగ్గినప్పుడు బలవర్ధక పొడి కలపవలసి రావచ్చు, అదీ నిజమే. ఈ రెండూ పరిష్కారం ఉన్న సమస్యలు. పాతికేళ్ళ తరువాత నిఖా పందిరిలో లేచే సందేహానికి పరిష్కారం లేదు.

రికార్డు గురించి ఇంకా స్పష్టంగా చెప్పాలి. పాల బ్యాంకులో ప్రతి సీసా మీద బ్యాచ్ నంబరు ఉంటుంది. ఆ బ్యాచ్‌లో ఏ దాతల పాలు కలిశాయో బ్యాంకు పుస్తకంలో ఉండాలి. ఏ సీసా ఏ శిశువుకు వెళ్ళిందో ఆసుపత్రి కేస్ షీట్‌లో ఉండాలి. రేపు ఒక దాతకు ఏదైనా అంటువ్యాధి బయటపడితే ఆ పాలు తాగిన పిల్లలను వెతకడానికి ఈ రెండు పుస్తకాలే ఆధారం. కనుక "మాకు తెలియదు" అనే బ్యాంకు తన పని తాను సరిగా చేయడం లేదు. "తెలుసు గాని చెప్పము" అనే బ్యాంకుతో మనం మర్యాదగా మాట్లాడవచ్చు. దాత గోప్యతను కాపాడడం మంచిదే. దానికి మార్గం, దానం తీసుకునే ముందే దాత అనుమతి అడగడం: మీ పేరును పాలు తాగిన బిడ్డ కుటుంబానికి తెలియజేయవచ్చునా? సరేనన్న తల్లుల పాలే ముస్లిం శిశువులకు కేటాయించాలి. వద్దన్న తల్లుల పాలు, ఈ పట్టింపు లేని కుటుంబాల పిల్లలకు ఉపయోగపడతాయి. ఎవరి పాలూ వృథా కావు.

ఆ కార్డులో ఏమి ఉండాలి? దాత పేరు ఒక్కటే చాలదు. హజ్రత్ ఆయిషా (రజి) గారింటికి అఫ్లహ్ అనే వ్యక్తి వచ్చి లోపలికి రావడానికి అనుమతి అడిగితే ఆమె ఇవ్వలేదు. తనకు పాలిచ్చినది అతని అన్న భార్య, అతను కాదు గదా అన్నది ఆమె సందేహం. ప్రవక్త (సల్లం) ఆయన మీకు పాల పినతండ్రి అవుతారని, రానివ్వవచ్చని చెప్పారు. అంటే పాలిచ్చిన స్త్రీ భర్త పాల తండ్రి అవుతాడు, అతని తోబుట్టువులు కూడా బంధువులవుతారు. కాబట్టి దాత పేరు, ఆమె భర్త పేరు, ఊరు, పిల్లల పేర్లు, పాలు పట్టిన తేదీలు, ఎన్నిసార్లు పట్టారన్నది రాయాలి. మరొక ప్రతి దాతకు ఇవ్వాలి. ఈ విషయాన్ని బ్యాంకులు సాధారణంగా మరచిపోతాయి. తన పాలు ఏ బిడ్డ తాగిందో తెలియని తల్లికి కూడా రేపు కొడుకు పెళ్ళి చేయవలసి ఉంటుంది. దాత కుమార్తెలే ఉన్న తల్లి అయితే ఆడశిశువుకు ఆమె పాలు ఇస్తే చిక్కు తీరుతుందని కొందరు సూచిస్తారు. తరువాతి కాన్పులో ఆమెకు కొడుకు పుడితే వాడు కూడా పాల సోదరుడే అవుతాడు. కార్డుకు అది ప్రత్యామ్నాయం కాదు.

దాత హిందూ సోదరి అయితే ఏమిటని కొందరు అడుగుతారు. అవసరంలో ముస్లిమేతర స్త్రీ పాలు పట్టించడం నిషిద్ధం కాదు, పాల సంబంధం అక్కడ కూడా ఏర్పడుతుంది. శ్రీసిటీ చుట్టుపక్కల గదుల వరుసలలో ఒకే పంపు దగ్గర బిందెలు నింపుకొనే తల్లులు ఒకరి బిడ్డను మరొకరు ఎత్తుకుంటూనే ఉంటారు. అటువంటి పొరుగింటి తల్లి పాలు తాగిన బిడ్డకు ఆమె జీవితాంతం తల్లి వరుస. ఈ వరుసను దాచిపెట్టుకోవలసిన అవసరం మాకు కనిపించదు. రాసుకోవలసిన అవసరం మాత్రం ఉంది.

మన వైపు కూడా ఒక లోపం ఉంది. నిఖా సమయంలో మన మస్జిద్ కమిటీలు మెహర్ మొత్తం రాస్తాయి, సాక్షుల పేర్లు రాస్తాయి. కొన్ని ఇళ్ళలో జహేజ్ జాబితా ఫ్రిజ్ కంపెనీ పేరుతో సహా కాగితం మీదికి ఎక్కుతుంది. వరుడికి గాని వధువుకు గాని బాల్యంలో బయటివారి పాలు పట్టారా అని అడిగే గడి ఒక్కటి కూడా నిఖానామాలో లేదు. మేనత్తలు, పినతల్లులు ఒకరి పిల్లలకు ఒకరు పాలిచ్చే మన కుటుంబాలలో, దగ్గరి సంబంధాలు చేసుకునే మన ప్రాంతంలో, పాల బ్యాంకులు లేకపోయినా ఆ గడి అవసరమే. ఆసుపత్రులను తప్పు పట్టే ముందు ఈ ఒక్క పని మన ఖాజీలు చేయగలరు.

పాలను ఎవరికి ముందు ఇవ్వాలన్న విషయంలోనూ పారదర్శకత కావాలి. దాత పాలు ఎప్పుడూ అవసరానికి తక్కువే. 1500 గ్రాముల లోపు పుట్టినవారు, 32 వారాలకు ముందే పుట్టినవారు, పేగుల ఆపరేషన్ జరిగిన శిశువులు, తల్లి చనిపోయిన లేదా తీవ్ర అస్వస్థతలో ఉన్న శిశువులు ముందు వరుసలో ఉండాలి. ఈ వరుస వార్డు గోడ మీద తెలుగులో రాసి ఉండాలి. ప్రైవేటు గదిలో ఉన్న మూడు కిలోల బిడ్డకు సీసా వెళ్ళి, జనరల్ వార్డులోని కిలో బిడ్డకు డబ్బా పాలు కలిపితే అది అన్యాయం. పాలకు వెల కట్టడం గురించి 2024 మే నెలలో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ స్పష్టమైన ఆదేశం ఇచ్చింది: తల్లిపాలను శుద్ధి చేసి అమ్మడానికి చట్టంలో అనుమతి లేదు, లైసెన్సులు ఇవ్వరాదు. దాయికి జీతం ఇవ్వడాన్ని ఖుర్ఆన్ అనుమతించినా, పాత్రలో పోసిన స్త్రీ పాలను అమ్మడం చెల్లదని హనఫీ గ్రంథం 'హిదాయా' ఏనాడో పేర్కొన్నది. ఈ ఒక్క విషయంలో మన ధర్మశాస్త్రమూ, దేశ చట్టమూ ఒకే చోట నిలిచాయి.

ఇప్పుడు ఆ తువాలు దగ్గరికి తిరిగి వద్దాము. పాల బ్యాంకు ఎంత బాగా నడిచినా దాని పాలు రెండో మెట్టు మీదివే. వేడి చేసినప్పుడు పాలలోని రక్షణ కణాలు నశిస్తాయి, కొన్ని రక్షక పదార్థాలు తగ్గుతాయి. కన్నతల్లి తాజా ముర్రుపాలకు సాటి ఏదీ లేదు, అందులో ఏ ధర్మసందేహమూ లేదు. బఖరా సూరా 233వ ఆయతు తల్లి చేతికి రెండు పూర్తి సంవత్సరాల స్తన్యపానాన్ని అప్పగించింది. ప్రవక్త మూసా (అలైహి) పసివాడుగా ఫిరౌన్ రాజభవనంలో ఏ దాయి రొమ్మూ పట్టకపోతే, చివరకు కన్నతల్లి ఒడికే ఆయనను చేర్చిన అల్లాహ్ ఏర్పాటు ఖసస్ సూరాలో ఉంది. ఆ ఏర్పాటులో అక్క ఒకటి ఉన్నది, దూరం నుంచి తమ్ముడిని కనిపెట్టుకొని ఉండి, సమయానికి మాట అందించినది. మన సోదరికి అటువంటి అక్క లేకపోయింది. ప్రసవమైన గంటలలోనే ఎవరైనా ఆమె చేత ముర్రుపాలు చేతితో పిండించి ఉంటే, మూడు గంటలకు ఒకసారి, రాత్రి కూడా వదలకుండా, రోజుకు ఎనిమిది సార్లు పిండే పద్ధతి నేర్పి ఉంటే, శుభ్రమైన చిన్న సీసాలలో మంచు పెట్టెలో పెట్టి బంధువు ఒకరు రోజుకు ఒకసారి బస్సులో తీసుకువెళ్ళి ఉంటే, పాల బ్యాంకు అవసరం బహుశా రెండు రోజులకు తగ్గేది. బ్రెజిల్‌లో రెండు వందలకు పైగా పాల బ్యాంకులు ఉన్నాయి. అక్కడ కొన్ని నగరాలలో అగ్నిమాపక సిబ్బంది ఇంటింటికీ వెళ్ళి తల్లుల నుంచి పాల సీసాలు తెస్తారు. బిడ్డను తీసుకుపోయే అంబులెన్సు మన దగ్గర ఉంది. తల్లి పాలను తీసుకుపోయే పెట్టె అందులో లేదు. బిడ్డను వేరే ఆసుపత్రికి పంపించే కాగితంలో రక్తం గ్రూపు, బరువు రాసే చోట "తల్లి పాలు పిండడం మొదలుపెట్టారా?" అన్న ఒక్క ప్రశ్న చేర్చడానికి నిధులు అక్కరలేదు.

శ్రీసిటీ గురించి కూడా ఒక మాట. సత్యవేడు, వరదయ్యపాలెం మండలాల పొలాల మీద పరుచుకొన్న ఈ పారిశ్రామిక నగరానికి సెల్‌ఫోన్లు, ఎలక్ట్రానిక్ పరికరాలు బిగించే పనికి వేలాది ఆడపిల్లలు షిఫ్టు బస్సులలో వస్తారు. వారిలో మన ఇళ్ళ పిల్లలూ ఉన్నారు. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టానికి వచ్చిన సవరణ మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల జీతంతో కూడిన సెలవు ఇచ్చింది. 50 మంది లేదా అంతకు మించి ఉద్యోగులు ఉన్న సంస్థలలో శిశు సంరక్షణ గది ఉండాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు అక్కడికి వెళ్ళవచ్చునని చెప్పింది. బిడ్డకు 15 నెలలు వచ్చేదాకా పాలివ్వడానికి రెండు విరామాలు అంతకు ముందు నుంచీ హక్కే. గత పన్నెండు నెలలలో 80 రోజులు పని చేసిన మహిళకు ఈ సెలవు వర్తిస్తుంది. కాంట్రాక్టరు ద్వారా చేరిన పిల్లలకు ఈ సంగతి చెప్పేవారు తక్కువ. శిశు సంరక్షణ గదిలో ఒక మూల తెర కట్టి, ఒక కుర్చీ వేసి, పాలు దాచడానికి ఒక చిన్న ఫ్రిజ్ పెడితే చాలు. తమిళనాడు ప్రభుత్వం 2015లోనే బస్టాండ్లలో పాలిచ్చే గదులు ఏర్పాటు చేసింది. సరిహద్దుకు ఇవతల, ఎయిర్ కండిషన్ చేసిన కర్మాగారంలో అది అసాధ్యమని మేము నమ్మలేము. పాలు మిగిలిన తల్లులకు అక్కడి నుంచే, అంగీకార పత్రంతో, తిరుపతి, నెల్లూరు వంటి చోట్లకు దానం చేసే మార్గం కూడా తెరుచుకుంటుంది.

చివరగా ఆ సోదరికి. మీ పెద్ద కుమారుడి విషయంలో దాదీ ఆందోళన చెందవలసిన పని లేదు. పాల సంబంధం పాలు తాగిన బిడ్డకే వర్తిస్తుంది, ఆమె తోబుట్టువులకు కాదు. మీ కుమార్తె విషయంలో ఊహాగానాలతో ఇల్లు నింపుకోవద్దు. పాలిచ్చినదెవరో ఏ ఆధారమూ సాక్ష్యమూ లేనప్పుడు కేవలం సందేహం మీద వివాహం నిషిద్ధం కాదని హనఫీ గ్రంథాలలోనే చర్చ ఉంది. అయితే ఆధారం దొరికే అవకాశం ఉన్నప్పుడు వెతకకుండా ఊరుకోవడం వేరు. ముందుగా మీ భర్త ఆ ఆసుపత్రికి లిఖితపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, ఆ పదకొండు రోజుల కేస్ షీట్ నకలు, పట్టిన పాల బ్యాచ్ నంబర్లు అడగాలి. రోగి రికార్డు నకలు పొందడం మీ హక్కు. ఆ నంబర్లతో బ్యాంకుకు మరొక ఉత్తరం రాసి, దాతలను సంప్రదించి వారి అనుమతి అడగమని కోరండి. వచ్చిన సమాధానం ఏదైనా సరే, అన్ని కాగితాలతో మీకు నమ్మకమైన ముఫ్తీ సాహెబ్‌ను కలవండి. కాగితాలు లేకుండా వెళితే ఆయన కూడా ఊహ మీదనే చెప్పవలసి వస్తుంది. జవాబు వచ్చినా రాకపోయినా ఆ కాగితాలను పాప జనన ధ్రువపత్రంతో కలిపి ఒకే కవరులో దాచండి. దరఖాస్తు నమూనా తెలుగులో రాసి ఈ ఉత్తరం వెంట మీకు పంపుతున్నాము. ఇదే పరిస్థితి ఎదురైన ఇతర కుటుంబాలు కోరితే వారికి కూడా పంపుతాము. మీకు ఆసుపత్రి ఏమి రాసి ఇచ్చిందో మాకు తెలియజేయండి.